లష్కర్ నుంచి పల్లెకు, పల్లె నుంచి పీఠానికి: హైదరాబాదు కథోలిక అగ్రపీఠం కథ

2014 జూన్‌లో రాష్ట్రం రెండయ్యాక ఉద్యోగులను పంచుకున్నారు, ఆఫీసులను పంచుకున్నారు, చివరికి బస్సులను కూడా పంచుకున్నారు. కథోలిక సంఘం మాత్రం ఆ పంపకాల జోలికి పోలేదు. విభజన జరిగి పదేళ్లు దాటాక కూడా కర్నూలు, కడప మేత్రాసనాలు హైదరాబాదు అగ్రపీఠం కిందే కొనసాగాయి. అనంతపురంలోనో చిత్తూరులోనో ఆదివారం పూజకు వెళ్లే కథోలికుడికి సర్కారు అమరావతిలో ఉంటే, అగ్రపీఠం హైదరాబాదులో ఉంది. కొత్తగా చూసేవారికి ఇది ఎవరూ పట్టించుకోక వదిలేసిన లెక్కలా కనిపిస్తుంది. కానీ సర్కారు హద్దులు ఒక చరిత్రను బట్టి గీసినవి, సంఘం హద్దులు మరో చరిత్రను బట్టి గీసినవి. ఆ రెండో చరిత్ర చాలామంది తెలుగువాళ్లకు తెలియదు. కథోలికుల ఇళ్లలో కూడా అది పెద్దగా చెప్పుకునే కథ కాదు.

ముందు మాటల సంగతి. బిషప్ పరిధిలో ఉండే ప్రాంతాన్ని తెలుగు కథోలికులు మేత్రాసనం అంటారు, బిషప్‌ను మేత్రాణులు అంటారు. మేత్రాసనం కింద ఉండే ఒక్కో ఆలయ పరిధి ఒక విచారణ. అక్కడ ఉండే ఫాదర్ విచారణ గురువు. కొన్ని మేత్రాసనాలను కలిపి ఒక ప్రావిన్సుగా చేసి, వాటిలో ఒకదానికి పెద్దరికం ఇస్తే అది అగ్రపీఠం అవుతుంది. ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. అగ్రపీఠాధిపతి మిగతా మేత్రాణులకు పై అధికారి కాదు. కర్నూలు మేత్రాణి కర్నూలులో ఏం చేయాలో హైదరాబాదు ఆదేశించదు. ఆయన నేరుగా పోపుకే జవాబుదారీ. అగ్రపీఠానిది అన్నగారి స్థానం. గౌరవం ఎక్కువ, అధికారం తక్కువ.

ఈ అన్నగారి స్థానం హైదరాబాదుకు పుట్టుకతో రాలేదు. 1851లో మద్రాసు నుంచి విడిగా ఏర్పడినప్పుడు దాని హద్దులు చాలా విశాలం. నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెలతో పాటు కంపెనీ ఏలుబడిలోని కృష్ణా తీరం కూడా అందులోనే. అప్పటి నుంచీ అది భూమిని వదులుకుంటూనే వచ్చింది. బెజవాడ పోయింది, వరంగల్ పోయింది, నల్లగొండ పోయింది. మరి పరిధి ఇంత తగ్గిన పీఠానికి ఇంత ప్రాముఖ్యం ఎలా వచ్చిందంటే, ఒక్కసారి దాని మీద కూర్చున్నవారు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. ఇటీవలి ముగ్గురు అగ్రపీఠాధిపతుల్లో ఒకరు విజయవాడ నుంచి, ఒకరు వరంగల్ నుంచి, ఒకరు కర్నూలు నుంచి బదిలీపై వచ్చారు. విడిపోయిన పిల్ల పీఠాలు, చుట్టుపక్కల పీఠాలు తల్లి పీఠానికి పెద్దలను పంపాయి. ఈ మేత్రాసన చరిత్రకు అసలు ఇరుసు అదే.

కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. పదిహేడో శతాబ్దంలో ఆసియాలో కథోలిక మత వ్యవహారాలన్నీ తమ చేతి మీదుగానే నడవాలని పోర్చుగల్ రాజులు పట్టుబట్టేవారు. పోపు ఎప్పుడో ఇచ్చిన హక్కు అది. గోవాలో పోర్చుగీసు తుపాకి ఉన్నంతవరకు ఆ హక్కు చెల్లింది. గోల్కొండలో, బీజాపూరులో చెల్లలేదు. దాంతో రోమ్ మరో దారి వెతికింది. రాజుతో పని లేకుండా పోపు ప్రతినిధిగా నేరుగా ఒక బిషప్‌ను పంపడం, అంటే అపోస్తలిక్ వికార్ పదవి. 1637లో ఆ పని మీద అభిషిక్తుడైనవాడు మథేయుస్ డి కాస్త్రో. గోవాకు చెందిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి కథోలికుడైనవాడు. లాటిన్ సంప్రదాయంలో, అంటే రోమ్ పూజా పద్ధతిని పాటించే సంఘంలో, మేత్రాణి అయిన తొలి భారతీయుడు. ఆయనకు అప్పగించిన దేశాల పేర్లలో తర్వాతి కాలంలో గోల్కొండ కూడా చేరింది. కాగితం మీద గోల్కొండకు దక్కిన తొలి మేత్రాణుల్లో ఒకరు ఈ నేలవాడే కావడం గుర్తుపెట్టుకోదగిన విషయం. ఎందుకంటే అది మళ్లీ జరగడానికి మూడు వందల ఏళ్లకు పైనే పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దంలో పరిస్థితి వేరు. 1832లో మద్రాసుకు అపోస్తలిక్ వికారియేట్, అంటే అలాంటి వికార్ పరిధి, ఏర్పడింది. దానికి వరసగా ఐర్లండు బిషప్‌లు వచ్చారు. ఐరిష్‌వాళ్లే ఎందుకంటే, కంపెనీ పటాలాల్లో ఐరిష్ సిపాయిలు దండిగా ఉండేవారు, వాళ్లలో ఎక్కువమంది కథోలికులు. సిపాయిల భాష మాట్లాడే గురువు కావాలి. 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన సికింద్రాబాదు, జనం నోట లష్కర్, దక్కనులో అతి పెద్ద దండు విడిదుల్లో ఒకటి. పటాలం వెంట మద్రాసు వైపు నుంచి తమిళం మాట్లాడే కుటుంబాలు కూడా వచ్చాయి. వంటవాళ్లు, కూలీలు, గుమాస్తాలు. హైదరాబాదు మేత్రాసనానికి విత్తనం పడింది చార్మినార్ దగ్గరా కాదు, పల్లెలోనూ కాదు, ఈ దండు బజారులో. నేటికీ సికింద్రాబాదు సెయింట్ మేరీస్‌లో ఇంగ్లీషు పూజ, తమిళ పూజ, తెలుగు పూజ వేర్వేరు వేళల్లో జరుగుతాయి. నూట డెబ్బై ఏళ్ల నాటి దండు నిర్మాణం ఆదివారపు టైం టేబుల్‌లో ఇంకా బతికే ఉంది.

ఆ సెయింట్ మేరీస్‌ను కట్టించినవాడే తొలి వికార్, డేనియల్ మర్ఫీ. ఐర్లండులోని కార్క్ ప్రాంతంవాడు. మద్రాసులో పనిచేసి, సికింద్రాబాదుకు వచ్చి, 1847లో ఆలయ నిర్మాణం మొదలుపెట్టి 1850కి పూర్తిచేశాడు. మరుసటి ఏడే మద్రాసు నుంచి హైదరాబాదు విడిపోయి వికారియేట్ అయింది, మర్ఫీ దాని తొలి అధిపతి అయ్యాడు. ఎండలకు ఆరోగ్యం పాడై 1860ల మధ్యలో ఈ దేశం వదిలాడు. అక్కడితో ఆయన కథ అయిపోలేదు. ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న హోబర్ట్‌కు బిషప్ అయ్యాడు, తర్వాత ఆర్చ్ బిషప్ అయ్యాడు. 1907లో తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశాడు. తన జీవితంలో దాదాపు సగం హోబర్ట్‌కే ఇచ్చాడు కాబట్టి అక్కడివాళ్లకు ఆయన బాగా గుర్తు. కట్టిన గుడి మాత్రం ఇక్కడ ఉంది. 2008లో దానికి బసిలికా హోదా, అంటే ఆలయాలకు రోమ్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది.

మర్ఫీ కాలంలోనే, 1855లో, మిలాన్ నుంచి మిషనరీలు దిగారు. ఇక్కడి నుంచి దాదాపు వందేళ్లు ఈ పీఠం వాళ్లదే. మిలాన్ సంస్థ పుట్టింది 1850లో. పైమ్ (విదేశీ మిషన్ల పోపు సంస్థ అన్న ఇటాలియన్ పేరుకు పొడి అక్షరాలు) అనే పేరు దానికి ఆ తర్వాత, ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. మొదట వాళ్లు పసిఫిక్ మహాసముద్రంలోని దీవులకు వెళ్లారు. జ్వరాలు, వైరాలు, మరణాలు. మూడేళ్లకే ఆ ప్రయత్నం కూలిపోయింది. 1855లో అక్కడ వాళ్లలో ఒకరిని చంపేశారు. అదే ఏడు హైదరాబాదు. అంటే నిలదొక్కుకుంటామో లేదో తెలియని స్థితిలో, ఒక ఓటమి దెబ్బ ఒంటి మీద ఉండగానే వాళ్లు దక్కనులో కాలుపెట్టారు. వాళ్లు నిలిచిన తొలి మిషన్లలో ఇదొకటి. ఆ పట్టుదలకు మూలం ఈ ఓటమిలో కూడా కొంత ఉందనుకోవచ్చు. ఆ ఏడే మొదలైన ఆల్ సెయింట్స్ బడి గన్‌ఫౌండ్రీలో ఇంకా నడుస్తోంది.

గన్‌ఫౌండ్రీ అన్నాం కాబట్టి అక్కడ కాస్త ఆగాలి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో ఫిరంగులు పోతపోయించిన చోటు అది. ఆ రేమండ్ పేరే జనం నోట్లో నలిగి మూసారాంబాగ్‌లో మిగిలింది. ఫిరంగుల బట్టీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల నేలను 1869లో తాల్యాబూయె అనే మిలాన్ గురువు కొన్నాడు. 1870 మార్చి 18న పునాది రాయి పడింది. మార్చి 19 పునీత జోజప్ప పండుగ. ఆలయం పేరు కూడా సెయింట్ జోసెఫ్స్. అంటే పండుగ ముందురోజు సాయంకాలాన్ని ఏరికోరి ఎంచుకున్నారు. 1875 నాటికి ఆలయం తెరుచుకుంది. ముఖద్వారం వైపు గోపురాల పని పూర్తయ్యేసరికి 1891 అయింది. ఆ మరుసటి ఏడు ఇటలీ నుంచి ఐదు గంటలు వచ్చాయి. పునాదికీ గంటలకూ మధ్య ఇరవై రెండేళ్లు. ఒక సంస్థాన రాజధాని నడిబొడ్డున, సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో, పరాయి మతంవాళ్లు ఇంత పెద్ద ఆలయం లేపుకోగలిగారంటే ఆనాటి హైదరాబాదు స్వభావం గురించి కూడా అది ఒక మాట చెబుతుంది.

పదవి పేరు కూడా ఈ మధ్యలోనే మారింది. 1886 సెప్టెంబరు 1న పోపు లియో 13 భారతదేశానికి పూర్తి స్థాయి మేత్రాసన వ్యవస్థను ఏర్పాటు చేశాడు. అంతవరకు హైదరాబాదులో ఉన్న అధిపతి పేరుకు ఎక్కడో ఎప్పుడో అంతరించిన పట్టణానికి బిషప్, పనికి మాత్రం ఇక్కడ పోపు ప్రతినిధి. 1886 తర్వాత ఆయన హైదరాబాదు మేత్రాణి. కుర్చీకి ఊరిపేరు వచ్చింది. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాడు పియెత్రో కప్రోత్తి. ఆయన ముందువాడు బార్బెరో, తర్వాతివాడు విగానో. ముగ్గురూ మిలాన్ సంస్థవాళ్లే.

ఇంతవరకూ చెప్పిందంతా నగరం కథ. మేత్రాసనం అసలు బలం నగరంలో పెరగలేదు. ఆనాటి లెక్కలో ఒక గురువుకు పదుల కొద్దీ పల్లెలు. గుర్రం మీదో ఎడ్లబండి మీదో నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఊళ్లో ఉండి సంఘాన్ని నిలబెట్టింది ఉపదేశి. ఉపదేశి అంటే ఆ పల్లెవాడో పక్క పల్లెవాడో. నాలుగు అక్షరాలు వచ్చినవాడు. పొద్దుగూకాక కూలి నుంచి వచ్చినవాళ్లను చెట్టు కిందో పాక ముందో కూర్చోబెట్టి జపాలు చెప్పించేవాడు, పిల్లలకు ఓనమాలు నేర్పేవాడు, ఎవరైనా చనిపోతే మట్టి దాకా వెళ్లి ప్రార్థన చెప్పేవాడు, గురువు వచ్చిన రోజున జ్ఞానస్నానానికి సిద్ధమైనవారి పేర్లు రాసి ఇచ్చేవాడు. మాల, మాదిగ పల్లెల్లో కథోలిక సంఘం నాటుకుంది ఈ మనిషి వల్ల. మేత్రాణుల పేర్లు పాలరాతి ఫలకాల మీద ఉన్నాయి. ఉపదేశుల పేర్లు మాత్రం జ్ఞానస్నానపు పుస్తకాల్లో సాక్షి గడిలో ఉన్నాయి. చరిత్ర రాసేవారు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో ఆ తేడాయే చెబుతుంది.

ఉపదేశి తర్వాత బోర్డింగు. పల్లె పిల్లలను విచారణ కేంద్రానికి తెచ్చి, అన్నం పెట్టి, బడికి పంపే ఏర్పాటు అది. మఠకన్యలు నడిపేవారు. 1871లోనే సికింద్రాబాదుకు సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చారు. నగరంలో వాళ్ల బడి పేరుమోసింది. పల్లెల్లో వాళ్ల పని అంతగా పేరుకెక్కలేదు. ఈ రోజు హైదరాబాదువాళ్లకు కథోలిక సంఘం అంటే సీటు దొరకని ఇంగ్లీషు మీడియం స్కూలు. ఆ స్కూళ్లలో సంఘానికి చెందిన పేదింటి పిల్లలు ఎంతమంది చదివారన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నను సంఘం లోపలివాళ్లే చాలాకాలంగా అడుగుతున్నారు, అడగడం సబబే. అయితే తర్వాతి కాలంలో గురువులై, మేత్రాణులై వచ్చినవారిలో చాలామందిని తయారుచేసింది ఊరి బోర్డింగే.

1909 నుంచి 1948 దాకా, అంటే దాదాపు నలభై ఏళ్లు, ఈ పీఠం మీద దియోనిజి విస్మారా ఉన్నారు. మూసీ వరద జరిగిన మరుసటి ఏడు వచ్చి, పోలీసు చర్య జరిగిన ఏడు దాకా. నైజాం చివరి అంకమంతా ఆయన హయాంలోనే నడిచింది. ఈ కాలంలో జరిగిన ఒక చిన్న సంగతి తెలుగునాట అందరికీ తెలిసిన పెద్ద సంగతి అయింది. 1924లో బెజవాడ పక్కన గుణదల కొండ మీద అర్లాటి అనే గురువు మరియమాత స్వరూపాన్ని నిలిపారు. కొండ కింద ఉన్న అనాథ పిల్లల బడికి ఆయన పెద్ద. లూర్దు మాత పండుగ ఫిబ్రవరి 11న కాబట్టి ఆ మూడు రోజుల తిరునాళ్లు 9, 10, 11 తేదీల్లో స్థిరపడింది. ఇప్పుడు ఆ కొండకు వచ్చేవాళ్లలో కథోలికులెవరో, హిందువులెవరో చెప్పడం కష్టం. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, కొవ్వొత్తి వెలిగించేవాళ్లు ఒకే మెట్ల మీద నడుస్తారు. గుణదలమాత వెలసిన రోజున అది హైదరాబాదు మేత్రాసనంలోని కొండ అన్న సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

గుర్తులేకపోవడానికి కారణం ఉంది. 1933లో బెజవాడను హైదరాబాదు నుంచి విడదీశారు, 1937లో మేత్రాసనం చేశారు. పల్లెల్లో జనం పెరిగిన చోటల్లా ఇదే జరిగింది. 1952 చివర్లో వరంగల్, 1976లో నల్లగొండ. విడిపోయినవి మళ్లీ విడిపోయాయి. విజయవాడ నుంచి 1976లో ఏలూరు, వరంగల్ నుంచి 1988లో ఖమ్మం. 2005లో గుల్బర్గా మేత్రాసనం ఏర్పడినప్పుడు పాత నిజాం రాజ్యంలోని కన్నడ ముక్క కూడా హైదరాబాదు చేతి నుంచి జారింది. ఆస్తులు కూడబెట్టుకునే అలవాటున్న సంస్థలు ఇలా భూమి వదులుకోవడం మామూలుగా చూడం. కానీ మేత్రాసనం లెక్క వేరు. మేత్రాణి ఏడాదిలో ఒక్కసారైనా చేరలేని విచారణ ఉంటే అది మేత్రాసనం పెద్దదైపోయిందనడానికి గుర్తు.

వీటన్నిటిలో కీలకమైనది 1953. ఆ ఏడు సెప్టెంబరు 19న పోపు పయస్ 12 హైదరాబాదును అగ్రపీఠం చేశాడు. పన్నెండు రోజులకు, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. హైదరాబాదు ఇంకా విడి రాష్ట్రంగానే ఉంది. ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర కలిసి ఒక రాష్ట్రం కావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. మనుషుల విషయంలో జరిగిన మార్పు ఇంకా లోతైనది. విస్మారా తర్వాత హైదరాబాదు మేత్రాణి అయిన ఇటలీవాడు అల్ఫోన్సో బెరెట్టా కొత్తగా ఏర్పడిన వరంగల్‌కు తొలి మేత్రాణిగా తరలిపోయారు. ఆయన ఖాళీచేసిన కుర్చీలోకి గోపు జోసఫ్ మార్క్ వచ్చారు. హైదరాబాదు తొలి అగ్రపీఠాధిపతి తెలుగువాడు. తెల్లవాడు రాజధాని వదిలి పల్లెల మేత్రాసనానికి, తెలుగువాడు రాజధాని పీఠానికి. ఆనాటి లోకంలో ఈ తారుమారు ఎంత అపురూపమో ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. బెరెట్టా వరంగల్‌లో 1985 దాకా, ముప్పై రెండేళ్లు ఉన్నారు. కాజీపేట ఫాతిమానగర్ ఆయన కాలం గుర్తు.

ఇక్కడ పేర్ల గురించి ఒక మాట. గోపు తర్వాత 1971లో నియమితులై 2000 దాకా పీఠంలో ఉన్నవారి పేరు సామినేని అరుళప్ప. ఆ తర్వాత మారంపూడి జోజి. ఆ తర్వాత తుమ్మ బాల. అరుళప్ప అంటే యోహాను. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే జేవియర్, జోజి అంటే జోసెఫ్. గుంటూరు, కృష్ణా, నల్లగొండ పల్లెల్లో ఈ పేర్లు వింటే చాలు, ఆ ఇల్లు కథోలిక ఇల్లని తెలిసిపోతుంది. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఇవి ఉండవు. పద్ధెనిమిదో శతాబ్దంలో తమిళనాడు వైపు నుంచి వచ్చిన యేసుసభ (జెసూట్) గురువులు తమిళ పేర్లను వెంట తెచ్చారు. వాళ్ల ద్వారా కథోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాలు గుంటూరు ప్రాంతంలో స్థిరపడ్డాయి. మేత్రాణుల జాబితాలో మొదటి తెలుగు పేర్లు ఎక్కువగా ఇలా పాత కథోలిక కుటుంబాలున్న ఊళ్ల నుంచే రావడం యాదృచ్ఛికం కాదు. చదువు, భూమి, గురువుల పరిచయం ముందునుంచీ ఉన్నవాళ్లు ముందు పైకి వచ్చారు.

గోపు, అరుళప్పల కాలం సంస్థలు కట్టిన కాలం. 1962 నుంచి 1965 దాకా జరిగిన వాటికన్ మహాసభ లాటిన్‌ను పక్కకు జరిపి పూజను జనం భాషలోకి తెచ్చింది. గురువు జనం వైపు తిరిగి తెలుగులో పూజ చెప్పడం మొదలైంది. 1965లోనే రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ వచ్చింది. తెలుగు మేత్రాసనాలన్నిటికీ గురువులను తయారుచేసే బడి అది. సికింద్రాబాదులో అమృతవాణి వచ్చింది. పాటలు, పుస్తకాలు, తర్వాత వీడియోలు. లాటిన్ పోయాక ఖాళీ అయిన చోటును తెలుగు కీర్తనతో నింపడంలో దానిది పెద్ద పాత్ర. 2001 దాకా తెలుగునాట లాటిన్ సంప్రదాయ మేత్రాసనాలన్నీ హైదరాబాదు ప్రావిన్సులోనే ఉండేవి. ఆ ఏడు విశాఖపట్నాన్ని రెండో అగ్రపీఠం చేసి కోస్తా మేత్రాసనాలను దాని కింద పెట్టారు. తెలంగాణతో పాటు కర్నూలు, కడప హైదరాబాదుకు మిగిలాయి. మొదట్లో చెప్పిన ముడి పడింది అక్కడే. విభజనకు పదమూడేళ్ల ముందే సంఘం తన గీత గీసుకుంది. రాయలసీమను ఆ గీతకు ఇవతల ఉంచింది.

ఇక తప్పించుకోలేని ప్రశ్న కులం. తెలుగు కథోలికుల్లో అత్యధికులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకూ ముస్లిములకూ రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. సర్కారు తలుపు ఇలా మూసుకుంటే, సంఘం తలుపు పూర్తిగా తెరుచుకుందా అంటే లేదు. శ్మశానాల్లో గోడలు, ఆలయాల్లో విడి వరసలు దక్షిణాదిలో అబద్ధం కాదు. భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించినప్పుడు సంఘం లోపల వివక్ష ఉందన్న సంగతిని ఒప్పుకునే మొదలుపెట్టింది.

ఈ నేపథ్యంలోంచి చూస్తేనే 2000 సంవత్సరం అర్థమవుతుంది. ఆ ఏడు జనవరిలో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. దేశంలో దళితుల నుంచి ఆ స్థానానికి వచ్చిన తొలి వ్యక్తి. అంతకుముందు ఖమ్మంలో, తర్వాత విజయవాడలో మేత్రాణిగా పనిచేశారు. ఖమ్మం హైదరాబాదుకు మనవరాలి వరస, విజయవాడ కూతురి వరస. ఆయన నియామకం కొందరికి మింగుడుపడలేదు, ఆ అసంతృప్తి గుట్టుగా కూడా ఉండలేదు. దండు బజారులో సిపాయిల కోసం పుట్టిన పీఠం మీద, ఉపదేశి చెట్టు కింద జపాలు చెప్పిన జనంలోంచి ఒకరు కూర్చోవడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. జోజి 2010 ఆగస్టు 27న గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారు.

ఆయన తర్వాత 2011లో తుమ్మ బాల వచ్చారు. 1986లో నియమితులై పాతికేళ్లు వరంగల్ మేత్రాణిగా ఉన్నవారు, బెరెట్టాకు వారసులు. మేత్రాణుల ఎంపిక ఎలా జరుగుతుందో ఆయన విషయంలో స్పష్టంగా చూడొచ్చు. ఎన్నిక ఉండదు, దరఖాస్తు ఉండదు. ఢిల్లీలోని పోపు రాయబారి గుట్టుగా వాకబు చేసి మూడు పేర్లు రోమ్‌కు పంపుతారు. ఆఖరి మాట పోపుది. భారతదేశపు లాటిన్ మేత్రాసనాల ఫైళ్లు ఇప్పటికీ రోమ్‌లో సువార్త ప్రచార విభాగం బల్ల మీదికే వెళతాయి. అంటే రోమ్ లెక్కలో ఇది ఇంకా మిషన్ ప్రాంతమే. డెబ్బై అయిదేళ్లు నిండగానే మేత్రాణి రాజీనామా పంపాలి. ఎప్పుడు ఆమోదించాలన్నది పోపు ఇష్టం. తుమ్మ బాలకు 2019 ఏప్రిల్‌లో డెబ్బై అయిదు నిండాయి. వారసుడి పేరు 2020 నవంబరు 19న వచ్చింది.

మధ్యలో ఇంకో మార్పు జరిగింది. 2017 అక్టోబరులో శంషాబాదు కేంద్రంగా సీరో మలబారు సంప్రదాయానికి ఒక మేత్రాసనం ఏర్పడింది. కేరళ మూలాలున్న ఆ సంప్రదాయానికి ఆదిలాబాదులో ముందే మేత్రాసనం ఉంది. శంషాబాదుకు అప్పగించిన పరిధి దేశంలో ఆ సంప్రదాయానికి విడి మేత్రాసనం లేని ప్రాంతమంతా. ఒకే నగరం, ఒకే పోపు, ఇద్దరు మేత్రాణులు. శంషాబాదు తొలి మేత్రాణి రఫాయేల్ తట్టిల్ 2024 జనవరిలో సీరో మలబారు సంఘానికే అధిపతిగా ఎన్నికయ్యారు.

2020లో వచ్చిన వారసుడు పూల ఆంథోని. 1961 నవంబరు 15న కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టారు. ఇంట్లో పేదరికం వల్ల ఏడో తరగతి దగ్గర చదువు ఆగిపోయిందని, మిషనరీలు చూసి కడపకు తీసుకెళ్లి చదివించారని ఆయనే చెప్పుకున్నారు. 1992లో కడప మేత్రాసన గురువయ్యారు, కొన్నాళ్లు అమెరికాలో షికాగోలో పనిచేశారు, 2008లో కర్నూలు మేత్రాణి అయ్యారు. 2021 జనవరిలో గన్‌ఫౌండ్రీ ఆలయంలోని కుర్చీ ఆయనదైంది. ఏడాదిన్నరకు పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను కార్డినల్ చేశారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో తొలి కార్డినల్. ఎర్రటోపీ పెట్టించుకున్న రోజు 2022 ఆగస్టు 27, జోజి పోయి సరిగ్గా పన్నెండేళ్లు. ఆ అక్టోబరులోనే కేంద్రం దళిత క్రైస్తవుల, దళిత ముస్లిముల ఎస్సీ హోదా ప్రశ్నను పరిశీలించేందుకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. రోమ్‌లో కార్డినల్‌గా ఎదిగిన మనిషి వర్గానికి సొంత దేశంలో ఎస్సీ సర్టిఫికెట్ దక్కుతుందా లేదా అన్నది అప్పటికి ఒక కమిషన్ ముందున్న ప్రశ్న.

2025 మే 7న కొత్త పోపును ఎన్నుకోవడానికి రోమ్‌లో సిస్టైన్ చాపెల్ తలుపులు మూసినప్పుడు లోపల 133 మంది కార్డినళ్లు ఉన్నారు. వాళ్లలో భారతీయులు నలుగురు. వాళ్లలో పూల ఆంథోని ఒకరు. మరునాటి సాయంత్రానికి లియో 14 ఎన్నికయ్యారు. హైదరాబాదును మేత్రాసనం చేసిన లియో 13 తర్వాత ఆ పేరు పెట్టుకున్న తొలి పోపు ఆయనే. ఆయన పుట్టిన ఊరు షికాగో.